విమానంలో డాక్టర్లెవరైనా ఉన్నారా?

ఆ ప్రకటన విని లేచే వైద్యుడికి, నర్సుకు ఆ పని ముందుగా నేర్పేదెవరు?

2023 ఆగస్టు 27. బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్తున్న విస్తారా విమానంలో ఒక పసిపాప ఒళ్లు నీలంగా మారిపోయింది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న బిడ్డ. అప్పటికే ఆపరేషన్ కూడా అయింది. చేయి పట్టి చూస్తే నాడి అందడం లేదు, కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. డాక్టర్లెవరైనా ఉంటే ముందుకు రావాలని సిబ్బంది ప్రకటించగానే ఐదుగురు లేచారు. ఐదుగురూ ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లే. ఒక వైద్య సదస్సు ముగించుకుని తిరిగి వెళ్తున్నారు. వెంటనే సీపీఆర్ మొదలుపెట్టారు. విమానంలో దొరికిన కొద్దిపాటి పరికరాలతోనే నరానికి సూది ఎక్కించారు, ఊపిరి ఆడేలా నోట్లో చిన్న గొట్టం అమర్చారు. గుండె మళ్లీ కొట్టుకుంది. అంతలోనే ఇంకోసారి ఆగింది. ఈసారి గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం వాడాల్సి వచ్చింది. 45 నిమిషాల పాటు ఆ చిన్ని ప్రాణాన్ని పట్టి నిలిపి, విమానం నాగ్‌పూర్‌లో దిగగానే పిల్లల వైద్యుడికి అప్పగించారు.

కొద్ది రోజులకే పాప నాగ్‌పూర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ వార్త మొదటి వార్త చేరినంత మందికి చేరలేదు. అయినా ఆ 45 నిమిషాల విలువ ఏమీ తగ్గదు. బిడ్డకు ఆసుపత్రి దాకా చేరే అవకాశం దొరికింది, తల్లిదండ్రులకు చేయగలిగిందంతా చేశామన్న ఊరట మిగిలింది. ఆ ఐదుగురిలో ఒకరు మత్తు వైద్యులు. ఆగిన ఊపిరిని తిరిగి ఆడించడం వాళ్ల రోజువారీ పని. అలాంటి వారు ఆ విమానంలో ఉండటం అదృష్టం. ఈ కథనం ఆ అదృష్టం లేని విమానాల గురించి.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2022 జులైలో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో ఒక ప్రయాణికుడికి ఉన్నట్టుండి ప్రాణం మీదికి వచ్చింది. సాయానికి వచ్చింది అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్. ఆమె స్త్రీవైద్య నిపుణురాలు. అంతకు ముందు ఏడాది నవంబరులో ఢిల్లీ-ముంబయి విమానంలో ఒకాయన చెమటలు పట్టి, బీపీ పడిపోయి కుప్పకూలితే అప్పటి కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి భగవత్ కరాడ్ వెళ్లి కాళ్లు ఎత్తి పెట్టించి, గ్లూకోజ్ ఇప్పించారు. ఆయన సర్జన్. ఇద్దరూ రాజకీయాల్లో స్థిరపడిన వైద్యులు, ఇద్దరూ లేచారు. మెచ్చుకోవాల్సిందే. కానీ రేపటి విమానంలో లేచేది చర్మవ్యాధుల డాక్టరు కావచ్చు, పదేళ్ల కిందట ప్రాక్టీసు మానేసిన కంటి డాక్టరు కావచ్చు, నిన్ననే హౌస్‌సర్జన్సీ పూర్తిచేసిన పాతికేళ్ల అమ్మాయి కావచ్చు. వాళ్లకు చదువుంది. ఆ చోట, విమానంలో ఉండే ఆ మందుల పెట్టెతో, ఆ మనుషులతో పనిచేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఎంత తరచుగా జరుగుతుంది?

అనుకున్నదానికన్నా తరచుగానే. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఐదు విమానయాన సంస్థల్లో దాదాపు మూడేళ్లలో నమోదైన 11,920 అత్యవసర వైద్య ఘటనలను పరిశీలించి, 604 విమానాలకు ఒకటి చొప్పున ఇవి జరుగుతున్నాయని తేల్చింది. 2022, 2023 సంవత్సరాల్లో 84 సంస్థల సమాచారంతో 2025లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం 212 విమానాలకు ఒకటి అని చెప్పింది. లెక్కించిన తీరు, సంస్థలు వేరు కాబట్టి ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి మూడింతలు పెరిగిందని అనలేం. అయితే పెద్దవయసు వాళ్లు, గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్లు ఇప్పుడు పదహారు గంటల ప్రయాణాలు కూడా చేస్తున్నారన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే విమానాల వరుసలో నిలబడి చూడండి. కూతురి పురుడికో, కొడుకు గృహప్రవేశానికో బయల్దేరిన అమ్మానాన్నలే సగం మంది కనిపిస్తారు.

ఆ 2013 అధ్యయనంలో ఇంకో వివరం ఉంది. ఎక్కువ మందికి వచ్చింది గుండెపోటు కాదు. సొమ్మసిల్లడం, కళ్లు తిరగడమే 37.4 శాతం. ఆ తర్వాత ఆయాసం, వాంతులు. గుండె పూర్తిగా ఆగిపోయినవి 0.3 శాతం మాత్రమే. అంటే లేచి వెళ్లిన వైద్యుడికి ఎదురయ్యేది ఎక్కువసార్లు కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, పావుగంట పక్కన కూర్చుంటే తేరుకునే మనిషి. కానీ ఆ సొమ్మసిల్లిన వాళ్లలో ఏ ఒక్కరికి నిజంగా ప్రాణాపాయం ఉందో పసిగట్టాలి. అసలు కష్టం అక్కడే.

ఊటీ కన్నా ఎత్తున ఒక ఓపీ

విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతుంటే లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిడి పెంచి ఉంచుతారు. అలా పెంచినా అది నేలమట్టానికి సమానం కాదు. ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండే గాలితో సమానం. ఊటీ దాదాపు ఏడు వేల మూడు వందల అడుగులు. అంటే తిరువూరులోనో తాండూరులోనో బతుకంతా గడిపిన పెద్దాయనను గంటలోపు ఊటీకి, ఒక్కోసారి ఇంకా పైకి తీసుకెళ్లి, కదలడానికి చోటులేని సీట్లో కూర్చోబెడుతున్నాం. నేల మీద 97, 98 చూపించే పల్స్ ఆక్సీమీటరు అక్కడ ఆరోగ్యవంతుడికి కూడా 92కో, 91కో పడొచ్చు. ఇది తెలియని డాక్టరు ఆ అంకె చూసి హడలిపోతారు. ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగికి అదే ఎత్తు నిజంగానే ప్రమాదం తెస్తుంది. ఎవరిని చూసి భయపడాలో, ఎవరిని చూసి నిమ్మళంగా ఉండాలో తెలియాలంటే ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

ఒత్తిడి తగ్గితే శరీరంలో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది, దాదాపు మూడో వంతు దాకా. పొట్ట ఉబ్బరం దగ్గర్నుంచి చెవిపోటు దాకా అందరికీ తెలిసిన బాధలన్నీ దీనివల్లే. ఈ సూత్రం ఎంత దూరం వెళ్తుందో 1995 మేలో హాంకాంగ్-లండన్ విమానంలో తేలింది. విమానాశ్రయానికి వచ్చే దారిలో బైకు మీంచి పడిన ఒకామె పెద్దగా పట్టించుకోకుండా విమానం ఎక్కేసింది. పక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉబ్బి, గుండెను పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. విమానంలో ఉన్న నాటింగ్‌హామ్ ఎముకల వైద్య ఆచార్యుడు ఆంగస్ వాలెస్, మరో యువ వైద్యుడు టామ్ వాంగ్ కలిసి ఆ గాలిని బయటకు తీశారు. సామగ్రి ఏమిటంటే మూత్రం తీసే గొట్టం, దాన్ని నిటారుగా నిలపడానికి చొక్కాలు తగిలించే హ్యాంగర్ కమ్మి, గాలి వెనక్కి పోకుండా నీళ్ల సీసా, శుభ్రం చేయడానికి బ్రాందీ. ఆమె లండన్‌లో క్షేమంగా దిగింది. వాలెస్ ఆ అనుభవాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ముప్పై ఏళ్లుగా ఈ కథను వైద్యులు కళ్లు మెరుస్తుండగా చెప్పుకుంటున్నారు. చెప్పుకోదగ్గదే. అయితే అది కొత్త వైద్యులకు ఒక తప్పుడు బొమ్మ కూడా చూపిస్తోందని నా నమ్మకం. ఆకాశంలో సాయం చేయాలంటే ఆపరేషన్ చేయగల ధైర్యం కావాలనుకుని, అంత ధైర్యం తమకు లేదని, ప్రకటన వినగానే సీట్లో కాస్త లోపలికి జారే వాళ్లున్నారు. ఆ భయం పోవాలంటే విమానంలో సాధారణంగా జరిగేదేమిటో వాళ్లకు చూపించాలి.

చెవి పనిచేయదు, చెయ్యి పనిచేస్తుంది

ఇంజిన్ల హోరులో స్టెతస్కోపు దాదాపు దండగ. గుండె చప్పుడు, ఊపిరి శబ్దం స్పష్టంగా వినబడవు. బీపీ చూడాలంటే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, పట్టీ గాలి వదులుతూ నాడి మళ్లీ ఎప్పుడు తగిలిందో చూడాలి. పైఅంకె ఒక్కటే దొరుకుతుంది, అది చాలు. పాతతరం వైద్యులకు ఇది చేతికి అలవాటైన పని. మానిటర్ల మధ్య చదువుకున్న పిల్లలకు ప్రత్యేకంగా నేర్పాలి.

ఇక సీట్ల మధ్య దారి. ఒక మనిషి నడవడానికి సరిపోయే ఆ సందులో మోకాళ్ల మీద కూర్చుని సీపీఆర్ చేయడం కుదరదు. మనిషిని ఎత్తుకుని వంటగది పక్కనున్న కాస్త ఖాళీలోకి చేర్చాలి. అదీ వీలుకాకపోతే తల వైపు నుంచి చేయాలి. విమానం కుదుపులకు లోనైతే సాయం చేసేవాళ్లు కూడా పట్టుకుని నిలదొక్కుకోవాలి. ఇవేవీ పుస్తకం చదివితే రావు. ఒక్కసారైనా చేసి చూడాలి.

ఆ తర్వాత పెట్టె. అమెరికా నిబంధనల ప్రకారం అక్కడి విమానాల్లో ఉండే అత్యవసర వైద్య పెట్టెలో బీపీ మిషన్, స్టెతస్కోపు, సెలైన్, సూదులు, ఎపినెఫ్రిన్, అట్రోపిన్, ఆస్పిరిన్, నైట్రోగ్లిసరిన్ మాత్రలు, గ్లూకోజ్ ఇంజెక్షన్, ఆస్తమా ఇన్‌హేలర్, ఎలర్జీ మందు ఉంటాయి. మన దేశంలో కూడా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల కింద ప్రథమ చికిత్స పెట్టెతో పాటు ఫిజీషియన్స్ కిట్ ఉంచాలి. ఏ సంస్థ పెట్టెలో ఏది ఎక్కడ సర్దారన్నది సంస్థ సంస్థకూ మారుతుంది. షుగరు చూసే గ్లూకోమీటరు, పల్స్ ఆక్సీమీటరు అన్నిచోట్లా ఉండవు. 2022 చివర్లో లండన్-బెంగళూరు విమానంలో ఒక ప్రయాణికుడి గుండె రెండుసార్లు ఆగినప్పుడు బర్మింగ్‌హామ్‌లో కాలేయ వ్యాధుల నిపుణుడొకరు గంటల తరబడి ఆయన్ని నిలబెట్టారు. బీపీ మిషన్, ఆక్సీమీటరు, గ్లూకోమీటరు తోటి ప్రయాణికుల సంచుల్లోంచి వచ్చాయి. అడగాలన్న ఆలోచన రావడం కూడా ఒక నైపుణ్యమే.

ఏఈడీ సంగతి వేరేగా చెప్పాలి. గుండె లయ తప్పి ఆగిపోయినప్పుడు తనంతట తానే లయను చదివి, షాక్ అవసరమో కాదో చెప్పే చిన్న యంత్రమిది. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ దీన్ని 1990ల మొదట్లోనే విమానాల్లో పెట్టింది. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టింది. ఆ సంస్థ అనుభవాన్ని 2000లో ప్రచురించినప్పుడు, షాక్ ఇవ్వాల్సి వచ్చిన వారిలో 40 శాతం మంది ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి వెళ్లారని తేలింది. నేల మీద చాలా ఊళ్లు కలలో కూడా ఊహించలేని ఫలితం. వాడింది ఎక్కువగా శిక్షణ పొందిన విమాన సిబ్బందే. 2004 ఏప్రిల్ నుంచి అమెరికా పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటిలో ఏఈడీ తప్పనిసరి అయింది.

డాక్టరొక్కరే కాదు

లేచి వెళ్లిన వైద్యుడు అక్కడ పెద్ద డాక్టరు కాడు, అతిథి. ఈ మాట మన వైద్యులకు మింగుడుపడటం కష్టం. వార్డులో ఆయన మాటే చివరి మాట. విమానంలో చివరి మాట కెప్టెన్‌ది. దారి మళ్లించాలా వద్దా అన్నది ఆయనే తేలుస్తారు. దగ్గర్లోని రన్‌వే చాలేంత పొడవుందా, ట్యాంకులో ఇంధనం ఎంత బరువుంది, వాతావరణం ఎలా ఉంది, ఆ ఊళ్లో గుండె ఆసుపత్రి ఉందా అన్నవన్నీ చూసుకుని నిర్ణయిస్తారు. అదీగాక చాలా సంస్థలకు నేల మీద వైద్యులుంటారు. అమెరికాలోని ఫీనిక్స్ కేంద్రంగా పనిచేసే మెడ్‌ఎయిర్ వంటి సంస్థలు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం వంటివి రాత్రింబగళ్లు ఫోన్‌లో అందుబాటులో ఉంటాయి. రోజూ ఇదే పని చేసే ఆ వైద్యుడికి ఏ పెట్టెలో ఏ మందు ఉందో తెలుసు, ఏ విమానాశ్రయంలో దిగితే మేలో తెలుసు. పక్కనున్న వైద్యుడు ఆయన కళ్లూ చేతులూ అవుతాడు.

అందుకే చూసింది చూసినట్టు, క్లుప్తంగా, వరుసగా చెప్పగలగాలి: వయసు, ఏం జరిగింది, నాడి ఎంత, బీపీ ఎంత, స్పృహ ఎలా ఉంది, ఏం ఇచ్చాం, ఇప్పుడెలా ఉన్నాడు. ఎయిర్ హోస్టెస్ ఒక కాగితం మీద రాసుకుంటుంటే, ఆ కాగితమే కాక్‌పిట్‌కీ, నేల మీది వైద్యుడికీ, దిగాక అంబులెన్సుకూ వెళ్తుంది. విమాన సిబ్బందికి సీపీఆర్, ఏఈడీ, ఆక్సిజన్ సిలిండర్ వాడటం క్రమం తప్పకుండా నేర్పుతారు. సిలిండర్ తిప్పడం వాళ్లకొచ్చినంత బాగా ఏ ప్రొఫెసర్‌కీ రాదు. వాళ్ల చేతిలో పని వాళ్లకే వదలాలి.

నర్సుల గురించి మన పత్రికలు ఈ సందర్భంలో ఒక్క ముక్క రాయవు. 2013 అధ్యయనంలో దాదాపు సగం ఘటనల్లో డాక్టరు సాయపడితే, ఐదింట ఒక ఘటనలో సాయపడింది నర్సు. ఐసీయూలో పదేళ్లు చేసిన నర్సు నరం దొరకబుచ్చుకున్నంత చప్పున ఏ చర్మవైద్యుడూ దొరకబుచ్చుకోలేడు. గల్ఫ్ దేశాల నుంచి సెలవుకు ఇంటికొచ్చే విమానాల్లో మన తెలుగు నర్సులు ఎందరో ఉంటారు. ప్రకటనలో డాక్టరు అని మాత్రమే అంటే వాళ్లు లేవడానికి జంకుతారు. వైద్య సిబ్బంది ఎవరున్నా రావాలని అడగడం సంస్థలు వెంటనే చేయగల పని.

ఆడవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. 2016లో అమెరికాలో ఒక విమానంలో సాయానికి లేచిన ఒక నల్లజాతి యువ వైద్యురాలిని నువ్వు నిజంగా డాక్టరువేనా అని సిబ్బంది ఆపారు. దేశమంతా దుమారం లేచాక ఆ విమానయాన సంస్థ గుర్తింపు పత్రం అడిగే పద్ధతి మానేసింది. మన దగ్గర చుడీదార్‌లో ఉన్న పాతికేళ్ల పీజీ అమ్మాయి ముందుకొచ్చినా ఇదే జరగొచ్చు. రిజిస్ట్రేషన్ కార్డు ఫోటో ఫోన్‌లో పెట్టుకోమని అమ్మాయిలకు చెప్పడం సులువే. నమ్మడం సిబ్బందికి నేర్పడం అంతకన్నా ముఖ్యం.

కేసు పెడతారేమో

నలుగురు వైద్యుల మధ్య ఈ విషయం ఎత్తితే మొదట వచ్చే మాట ఇదే. అమెరికాలో 1998లో వచ్చిన ఏవియేషన్ మెడికల్ అసిస్టెన్స్ చట్టం సాయపడిన వారికి రక్షణ ఇచ్చింది. ఘోరమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన కీడు తప్ప మిగతావాటికి బాధ్యులను చేయదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ఆపద్బాంధవులకు రక్షణ ఇస్తోంది గానీ అది రోడ్డు ప్రమాదాలకే. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ ప్రకారం, అనుమతి తీసుకునే వీలు లేనప్పుడు మనిషి మేలు కోరి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. క్రిమినల్ కేసు విషయంలో ఇది కొంత ధైర్యం. నష్టపరిహారం దావాల విషయంలో ఆకాశానికి ప్రత్యేకంగా ఒక చట్టం అవసరం. రోడ్డు మీద ఇచ్చిన భరోసా విమానంలో ఇవ్వకపోవడానికి కారణమేమీ కనిపించదు.

ఒక్క రోజు చాలు

జర్మనీ సంస్థ లుఫ్తాన్సా 2006 నుంచి ప్రయాణికులైన వైద్యులను ముందే నమోదు చేసుకుంటోంది. ఎవరు ఏ సీట్లో ఉన్నారో సిబ్బందికి తెలుస్తుంది, నేరుగా వెళ్లి పిలుస్తారు. ప్రకటనతో మూడు వందల మందిని కంగారుపెట్టే పని ఉండదు. తమిళిసై కూడా ఆనాడు దిగాక వైద్య ప్రయాణికుల జాబితా సిబ్బంది దగ్గర ఉండాలనే కోరారు. మన సంస్థలకు టికెట్ బుకింగ్‌లో ఒక గడి చేర్చడం పెద్ద పని కాదు.

శిక్షణ కూడా ఖరీదైనదేమీ కాదు. ప్రతి వైద్య కళాశాలలో స్కిల్స్ ల్యాబ్ ఉండాలన్నది జాతీయ వైద్య కమిషన్ నిబంధన. ఆ గదిలో కుర్చీలు రెండు వరుసలు వేసి, మధ్యలో అడుగున్నర దారి వదిలి, స్పీకర్‌లో ఇంజిన్ హోరు పెడితే అదే విమానం. అందులో హౌస్‌సర్జన్లను, నర్సింగ్ విద్యార్థులను కలిపి దింపాలి. ఒక సొమ్మసిల్లిన తాతగారు, ఒక ఛాతీనొప్పి, షుగరు పడిపోయి తికమకగా మాట్లాడే ఒకామె, పల్లీలు తిని గొంతు వాచిన కుర్రాడు, చివరికి ఒక ఆగిన గుండె. పెట్టె విప్పి వెతకనివ్వాలి, సగం వస్తువులు లేకుండా పెట్టాలి. పక్క గదిలో ఒకరు నేల మీది డాక్టరుగా ఫోన్‌లో కూర్చోవాలి, మరొకరు కెప్టెన్‌గా మాటిమాటికీ దారి మళ్లించాలా అని అడగాలి. సాయానికి లేవాల్సిన వైద్యుడు మద్యం తాగి ఉంటే, నిద్రమాత్ర వేసుకుని ఉంటే తన స్థితి చెప్పి తప్పుకోవడం కూడా బాధ్యతేనని చెప్పాలి. శిక్షకులు కావాలంటే బెంగళూరులో వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. ఆ విషయంలో ఎండీ చేసిన వైద్యులు అక్కడి నుంచే వస్తున్నారు.

ప్రయాణికుల వంతు కూడా ఉంది. మందులు చెక్-ఇన్ పెట్టెలో వేస్తే అవి మనతో పాటే ఎగురుతాయి గానీ చేతికి అందవు. అమ్మానాన్నల జబ్బులు, వేసుకునే మందులు, పడని మందులు ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టండి. తెలుగు తప్ప మరో భాష రాని తల్లి దోహా-డల్లాస్ విమానంలో ఛాతీ పట్టుకుంటే ఆ కాగితమే ఆమె తరఫున మాట్లాడుతుంది. పక్క సీట్లో ఉన్న తెలుగువారెవరైనా సరే, డాక్టరు కాకపోయినా, ఆమె మాటను సాయం చేస్తున్న వారికి చెప్పండి. ఆ సమయంలో దుబాసీ పని కూడా వైద్యమే.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చే హౌస్‌సర్జన్ల బ్యాచ్‌ నుంచే ఈ ఒక్క రోజు శిక్షణను తప్పనిసరి చేయాలి. వాటి పరిధిలో ఏటా వేలమంది యువ వైద్యులు బయటికొస్తారు, వాళ్లలో ఎందరో చదువుకో ఉద్యోగానికో ఏడాది తిరక్కముందే విమానం ఎక్కుతారు. నర్సింగ్ కళాశాలలను ఇందులో తప్పకుండా కలపాలి. అప్పటిదాకా, ఇది చదువుతున్న డాక్టర్లూ నర్సులూ, ఈసారి విమానం ఎక్కగానే మీ వృత్తి ఏమిటో, మీ సీటు నంబరేమిటో ఎయిర్ హోస్టెస్‌కు ఒక్క మాట చెప్పి కూర్చోండి.